మూడు మిల్లీసెకన్ల గడువు

చెవి ఇక్కడ పెట్టండి. కీబోర్డు కింద, అరచేతులు ఆనించే పట్టీ మీద. ఆగి ఆగి కర్ కర్‌మని గీకుతున్న చప్పుడు వస్తోంది కదా. తమ్ముడు ఇంకా పాట మొదలుపెట్టలేదు. ఫైలు తెరిచాడు, అంతే. అప్పుడే హార్డ్ డిస్కుకు ఊపిరాడటం లేదు.

ఇప్పుడు స్పేస్ బార్ నొక్కాడు. డోలక్ మొదలైంది. వెనకే చప్పట్లు, ఆ పైన వేణువు. పల్లవి సాఫీగా సాగింది. ఆడవాళ్ల కోరస్ అందుకోగానే హెడ్‌ఫోన్‌లో చిట్, చిట్ అని రెండు పగుళ్లు. తర్వాత నాలుగైదు కలిసి ఒకేసారి. స్ట్రింగ్స్ వచ్చే చోట పాట ఒక్కసారిగా తెగి, అర సెకను తర్వాత మళ్లీ అందుకుంది.

"చూస్తివా అన్నా, పల్లవి దాక మంచిగనే నడుస్తది. కోరస్ రాంగనే ఆగమైతది" అన్నాడు తమ్ముడు, మౌసు పక్కకు నెట్టి.

మనం వారాసిగూడలో ఉన్నాం, మూడో అంతస్తు గదిలో. తలుపుకూ కిటికీకీ పాత బొంతలు వేలాడదీశాడు, గోడల మోత మైకులోకి రాకుండా. సీలింగ్ ఫ్యాను ఆపేసి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళ్లే రైళ్ల కూత మాత్రం ఎవరూ ఆపలేరు. అది వినిపించిన టేకు పక్కన పెట్టి మళ్లీ పాడించుకుంటాడు. మా చిన్నమ్మ కొడుకు వాడు. పగలంతా ఉద్యోగం, రాత్రి పాట. ఇప్పుడు చేస్తున్నది బతుకమ్మ పాట. ఎంగిలిపూల నాటికి జనంలోకి వెళ్లాలి. ఆ తర్వాత ఎంత బాగా వచ్చినా ఏడాది ఆగాల్సిందే.

బల్ల మీదున్నది 2012 మధ్యలో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. పక్కన సీడీ పెట్టే సందు ఉన్న రకం. రెండు కోర్ల ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. చుట్టాలూ స్నేహితులూ అందరూ ఒకే మాట చెప్పారు వాడికి: పారేసి కొత్తది కొను. మంచి ప్రాసెసర్‌తో కొత్త ల్యాప్‌టాప్ అంటే వాడి జీతంలో నెలల తరబడి కోత. నా పట్టుదల ఒక్కటే. ఏ భాగం పాటను తెంచుతోందో కళ్లారా చూడకుండా రూపాయి కూడా తీయకూడదు.

తెర దగ్గరికి జరగండి. యాక్టివిటీ మానిటర్ తెరిచాం. కింద మెమరీ ప్రెజర్ అనే చిన్న గ్రాఫ్ ఉంది చూడండి. పచ్చగా ఉంటే ర్యామ్ సరిపోతోందని, పసుపు అంటే ఇరుకైందని, ఎరుపు అంటే ఇక చోటు లేదని. తమ్ముడి గ్రాఫ్ ఎర్రగా ఉంది. పక్కనే స్వాప్ అనే అంకె 3 జీబీ దాటింది. అంటే ర్యామ్‌లో చోటు చాలక, అక్కడ ఉండాల్సిన సరుకును సిస్టమ్ హార్డ్ డిస్కు మీదికి తోసి, అవసరమైనప్పుడల్లా వెనక్కి తెచ్చుకుంటోంది. మీరు ఇందాక విన్న గీకుడులో సగం అదే.

మిగతా సగం ఎక్కడిది? "ఆ స్ట్రింగ్స్ ట్రాక్ జర మూయి" అన్నాను. మ్యూట్ చేస్తే సరిపోదు, ప్లగిన్‌నే ఆఫ్‌లైన్‌లో పెట్టాలి. పెట్టాడు. కొన్ని సెకన్లలో గ్రాఫ్ పసుపులోకి దిగింది, డిస్కు సద్దుమణిగింది. పాట మళ్లీ మోగించాడు. తెగడం పోయింది. కోరస్ దగ్గర చిట్ మని ఒక్క పగులు మాత్రం మిగిలింది, ఎన్నిసార్లు మోగించినా అదే చోట. దాన్ని గుర్తుపెట్టుకోండి. దాని కారణం వేరు.

శాంపిల్ వాయిద్యాల పని తీరు తెలిస్తే ఈ గొడవంతా అర్థమవుతుంది. స్ట్రింగ్స్ లైబ్రరీలో ప్రతి స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడవుగా, పొట్టిగా నిజమైన వయొలిన్ల మీద వాయించి రికార్డు చేసి పెడతారు. మొత్తం ర్యామ్‌లో పట్టదు. అందుకని ప్రతి స్వరం మొదటి తునకను మాత్రమే ర్యామ్‌లో ఉంచి, కీ నొక్కగానే దాన్ని మోగిస్తూ, మిగిలిన భాగాన్ని ఆ లోపు డిస్కు నుంచి లాగుతారు. నాలుగు వేళ్లతో ఒక కార్డ్ పట్టుకుంటే పది, పదిహేను చోట్ల నుంచి ఒకేసారి లాగాలి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. రీడింగ్ హెడ్ సరైన వరస మీదికి జరగడానికి మరికొంత. అలా సెకనుకు వంద వేర్వేరు చోట్లకు కూడా అది వెళ్లి రాలేదు.

డేటా పరిమాణం చూస్తే నిజానికి ఇక్కడ పెద్ద బరువేమీ లేదు. 24 బిట్లతో రికార్డు చేసిన ఒక గొంతు ట్రాక్ సెకనుకు దాదాపు 132 కేబీ. ఇలాంటివి ముప్పై ఉన్నా సెకనుకు 4 ఎంబీ. వరసగా చదవమంటే ఆ ముసలి డిస్కు కూడా ఇంతకు ఎన్నో రెట్లు చదువుతుంది. వెతుక్కుంటూ తిరగడమే దాని ప్రాణం మీదికి తెస్తోంది.

ఇక గడువు సంగతి. తమ్ముడు ఆడియో సెట్టింగ్స్ తెరిచాడు, బఫర్ 1,024 అని ఉంది. మన చెవికి పాట ఎడతెగని ధారగా వినిపిస్తుంది గానీ, కంప్యూటర్ దాన్ని బిందెలతో మోస్తుంది. ఒక బిందె ఖాళీ అయ్యేలోపు రెండోది నిండి ఉండాలి, లేకపోతే ధార తెగుతుంది. ఆ తెగడమే చిట్. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 1,024 పట్టే బిందె ఖాళీ కావడానికి 23 మిల్లీసెకన్లు. 128 పట్టేదైతే 2.9. పెద్ద బిందె పెడితే ప్రాసెసర్‌కు తీరిక దొరుకుతుంది, కానీ ప్యాడ్ మీద డోలక్ దెబ్బ వేశాక శబ్దం ఆలస్యంగా వస్తుంది. 23 మిల్లీసెకన్లలో గాలిలో శబ్దం దాదాపు 8 మీటర్లు వెళుతుంది. మన చేతి కింద ఉండాల్సిన డోలక్ ఎనిమిది మీటర్ల అవతల మోగుతుంటే తాళం ఎలా నిలుస్తుంది? తమ్ముడు ఇన్నాళ్లూ ఆ ఆలస్యాన్ని మనసులో లెక్కగట్టి, దెబ్బ కొంచెం ముందే వేస్తూ వాయించాడు. ఆ లయలో ఉన్న బిగుతు వాడి ఇబ్బందేనని నాకు ఇప్పుడు తెలిసింది.

కాబట్టి కొనాల్సింది ర్యామ్, ఎస్ఎస్‌డీ. ప్రాసెసర్ జోలికి పోవడానికి లేదు, దాన్ని బోర్డుకే అతికించి ఉంటారు.

పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. మెట్లెక్కుతుంటే రెండు పక్కలా అట్టపెట్టెలు, సంచుల్లో కేబుళ్లు. ఒక మూల భూతద్దం దీపం కింద ఒకతను మదర్‌బోర్డు మీద ఏదో అతుకుతున్నాడు, కరిగిన ఫ్లక్స్ వాసన వరండా అంతా ఉంది. మనం వెళ్లే కొట్టు లోపలికి ఉంటుంది. కౌంటర్ మీద అద్దం, అద్దం కింద వరసగా పాత ర్యామ్ ముక్కలు.

"ఏం కావాలన్నా?"

"డీడీఆర్3, ల్యాప్‌టాప్‌ది. ఎనిమిది జీబీవి రెండు. 1600."

"మ్యాక్‌కా? మ్యాక్‌కైతే వేరే ఉంటది, రేటు గూడ వేరే."

అక్కడ ఒప్పుకోకండి. ఈ మోడల్‌కు మామూలు ల్యాప్‌టాప్ ర్యామే సరిపోతుంది, 204 పిన్నులది. ముక్క చేతిలోకి తీసుకుని స్టిక్కర్ చదవండి: పీసీ3ఎల్-12800ఎస్. పీసీ3 అంటే డీడీఆర్3, ఎల్ అంటే తక్కువ వోల్టేజీ రకం, 1.35 వోల్టులది, 12800 అంటే 1600 వేగం. పీసీ4 అని ఉంటే అది డీడీఆర్4. దాని గాడి వేరే చోట ఉంటుంది, స్లాట్‌లో దిగనే దిగదు. తయారీదారు కాగితాల్లో ఈ ల్యాప్‌టాప్‌కు 8 జీబీ వరకే అని ఉంటుంది గానీ, 16 పెట్టినా చక్కగా గుర్తిస్తుంది.

డీడీఆర్3లో కొత్తది దొరకడం తగ్గిపోయింది, చాలావరకు పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవే. అందులో తప్పేం లేదు, ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు. కాకపోతే కొనే ముందు పరీక్ష చేయించుకోవాలి. "మెమ్‌టెస్ట్ పెట్టి చూపిస్తారా?" అని అడిగాను. అతను ముఖం చిట్లించలేదు. బల్ల మీద విప్పి ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండు ముక్కలూ గుచ్చి, మెమ్‌టెస్ట్ నడిపి, ఒక పూర్తి చుట్టు అయ్యేదాకా మమ్మల్ని టీకి పంపాడు. తిరిగి వచ్చేసరికి తప్పులు సున్నా.

ఎస్ఎస్‌డీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాం. అద్దంలో చవకవి బోలెడున్నాయి, పేర్లు కూడా ఎప్పుడూ వినలేదు. మామూలు వాడకానికి అవీ పనిచేస్తాయి. చవకవాటిలో చాలావాటికి సొంత డీర్యామ్ ఉండదు. ఏ డేటా ఏ చిప్పులో ఉందో చెప్పే పట్టికను కూడా ఆ ఫ్లాష్ చిప్పుల్లోంచే వెతుక్కోవాలి. ఖాళీగా ఉన్నంతకాలం తేడా తెలియదు, సగానికి పైగా నిండాక, చదవడం రాయడం ఒకేసారి జరుగుతుంటే తడబడతాయి. పాట రికార్డు చేయడమంటే సరిగ్గా అదే పని: ముప్పై ట్రాక్‌లు చదువుతూ ముప్పై ఒకటోది రాయడం. అందుకే డీర్యామ్ ఉన్న శాంసంగ్ 870 ఈవో, 1 టీబీది తీసుకున్నాం. సాటా గొట్టం గుండా వెళ్లే ఏ ఎస్ఎస్‌డీ వేగమైనా సెకనుకు 550 ఎంబీ అటూ ఇటూ ఆగిపోతుంది. ఇంతకంటే ఖరీదైనది ఈ ల్యాప్‌టాప్‌కు దండగ. బిల్లు అడిగి తీసుకున్నాం. డిస్కు నుంచి బోర్డుకు వెళ్లే పల్చటి పట్టీ కేబుల్ కూడా ఒకటి కొన్నాం. ఇన్నేళ్లు వేడిలో నలిగిన కేబుల్‌ను కొత్త ఎస్ఎస్‌డీకి తగిలించడం నాకు ఇష్టం లేదు.

ఇంటికి వచ్చాక విప్పే ముందు చేయాల్సినవి రెండున్నాయి. మొదటిది బ్యాకప్, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు మీదికి మొత్తం. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. తమ్ముడి పాటలో ఒక పాత రివర్బ్ ఉంది, 32 బిట్ రకం. మేం వేయబోయే సిస్టమ్ కేటలీనా. 2019లో వచ్చిన ఆ కేటలీనా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. ఈ ల్యాప్‌టాప్ అధికారికంగా వెళ్లగలిగిన చివరి మెట్టు కూడా అదే. అందుకని ఆ రివర్బ్ ఉన్న వేణువు ట్రాక్‌ను ముందే ఆడియోగా దింపుకున్నాం. ప్లగిన్ పోయినా దాని గాలి పాటలో ఉంటుంది.

ఇప్పుడు బల్ల మీద తెల్ల కాగితం పరవండి. దాని మీద పెన్సిల్‌తో ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీయండి. అడుగున పది మరలు. హింజ్ వైపున్న మూడు పొడవు, మిగతా ఏడూ గోరంత. తీసిన ప్రతి మరనూ బొమ్మ మీద దాని చోటే పెట్టాలి. పొడవు మరను పొట్టి మర ఉండాల్సిన రంధ్రంలో తిప్పితే కింద ఉన్నదానికి దెబ్బ. ఫిలిప్స్ 00 స్క్రూడ్రైవర్ నిటారుగా పట్టి, బరువు కిందికి వేసి తిప్పాను. ఆఖరి మర బిర్రుగా ఉంది, కొంచెం కిర్రుమని వదిలింది.

అడుగు పలక లేచింది. దగ్గరికి రండి, దీపం ఇటు తిప్పాడు తమ్ముడు. నల్లటి బ్యాటరీ, వెండి రంగు డిస్కు, మధ్యలో ఒకదాని మీద ఒకటి పడుకున్న రెండు ర్యామ్ ముక్కలు, ఒక్కటే ఫ్యాను. బ్యాటరీ ఉబ్బిందేమో వేలితో తడిమి చూశాను, చదునుగానే ఉంది. అది చూడటం అవసరం. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదం, వెంటనే మార్చాలి. బ్యాటరీ తీసేసి కరెంటు మీదే నడిపితే ఈ రకం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగాన్ని తానే బాగా తగ్గించుకుంటుంది. అది తెలియక, ఎందుకు నెమ్మదించిందా అని తల పట్టుకున్నవాళ్లున్నారు.

మొదట బ్యాటరీ కనెక్టర్. ప్లాస్టిక్ పుల్లతో రెండు చివరలా కొంచెం కొంచెం పైకి. అది ఊడేవరకు మరి దేనినీ ముట్టుకోకూడదు. తర్వాత ఇంట్లో ఉన్న స్టీలు బీరువాను ఒకసారి తాకి వచ్చాను, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోవడానికి.

ఫ్యాను అంచున వేలు పెట్టి చూడండి. ఫ్యానుకూ రాగి రేకుల వరసకూ మధ్య దుమ్ము పేరుకుని గుడ్డలా అల్లుకుపోయింది. హైదరాబాద్ దుమ్ము, దుప్పట్ల నూగు, ఏళ్ల తరబడి. ఫ్యాను గాలి రేకులను చేరే దారే లేదు. ట్వీజర్‌తో ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఒకే పట్టీగా ఊడి వచ్చింది. తమ్ముడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇంత వేడిల గిది ఎట్ల బతికిందన్నా!" బ్రష్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, ఊరికే గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్చాలంటే మదర్‌బోర్డు మొత్తం పైకెత్తాలి. సన్నటి కనెక్టర్లు చాలా ఉన్నాయి. ముందు దుమ్ము తీసి వేడి కొలుద్దాం, అవసరమైతేనే అనుభవం ఉన్న చేతికి ఇద్దాం అనుకున్నాం.

ర్యామ్‌కు రెండు పక్కలా చిన్న చెవులుంటాయి. బొటనవేళ్లతో వాటిని బయటికి నెట్టగానే ముక్క టక్కున ఏటవాలుగా లేచింది. కొత్తదాన్ని కూడా అదే వాలులో లోపలికి తోయాలి. బంగారు పళ్లు దాదాపు కనిపించనంత లోపలికి వెళ్లాక కిందికి నొక్కితే టిక్. రెండోదీ టిక్. డిస్కు పక్కన పట్టీ రెండు మరలతో ఉంది. డిస్కు ఒంటికి నాలుగు నక్షత్రం తల మరలున్నాయి, టీ6 సైజువి. వాటిని పాతదాని నుంచి తీసి ఎస్ఎస్‌డీకి బిగిస్తేనే అది గూటిలో సరిగ్గా కూర్చుంటుంది. పాత డిస్కు చేతిలో బరువుగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఎస్ఎస్‌డీకి బరువే లేదు.

మూత పెట్టక ముందే బ్యాటరీ తగిలించి, జాగ్రత్తగా తిప్పి పవర్ నొక్కాం. ర్యామ్ సరిగ్గా కూర్చోకపోతే ఇక్కడే బీప్‌లు మొదలవుతాయి. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ పరిచితమైన మోత, నిండుగా, ఎఫ్ షార్ప్ మేజర్‌లో. "నాలుగున్నర శ్రుతి" అన్నాడు తమ్ముడు వెంటనే. వాడు రోజూ వింటున్నదే. ఇవాళ మాత్రం నిలబడి విన్నాడు.

పెన్‌డ్రైవ్ నుంచి కేటలీనా ఎక్కించడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది తన పని తాను చేసుకుపోతుంది. ఎక్కాక టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ ఆదేశం ఇచ్చాం. బయట కొన్న ఎస్ఎస్‌డీలకు ఖాళీ అయిన గదులను శుభ్రం చేసుకునే ట్రిమ్ సౌకర్యం ఇక్కడ తనంతట తాను మొదలుకాదు. కేటలీనాకు 2022 తర్వాత భద్రతా అప్‌డేట్లు లేవు కాబట్టి ఈ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు వద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. వైఫై ఆపేసి పాటకే అంకితం చేస్తే, వెనకాల నడిచే సవాలక్ష పనులు కూడా తగ్గుతాయి.

రికార్డింగ్‌కు రీపర్. ఒకప్పుడు మనందరి కంప్యూటర్లలో పాటలు మోగించిన విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతి నుంచే ఇదీ వచ్చింది. ఇంత తేలికైన, ఇంత పాత యంత్రాల మీద కూడా ఇంత మర్యాదగా నడిచే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు. ఇల్లే స్టూడియో అయినవాళ్లకు అది చేసిన మేలు చాలా పెద్దది.

సరే, పాట తెరిచాడు.

మళ్లీ చెవి పెట్టండి అదే చోట. ఏమీ లేదు. ఇంతకు ముందు స్ట్రింగ్స్ లోడ్ అయ్యేలోపు కిందికి వెళ్లి టీ తాగి వచ్చేవాడు. ఇప్పుడు కుర్చీ ముందుకు లాక్కునే లోపే అయిపోయింది. మెమరీ గ్రాఫ్ పచ్చగా, అడుగునే ఉంది. స్వాప్ సున్నా. స్పేస్ బార్. పల్లవి, కోరస్, స్ట్రింగ్స్. ఎక్కడా తెగలేదు. వాడు నా వైపు చూడలేదు, తెర మీది గీతనే చూస్తున్నాడు, పాట ఆఖరి చప్పట్ల దాకా.

ఇప్పుడు బఫర్ 128కి దించాడు. ఎంఐడీఐ కీబోర్డు మీది రబ్బరు ప్యాడ్‌ల మీద వేళ్లు పెట్టాడు. ఒక్క దెబ్బ. మరొకటి. చెయ్యి ఆగిపోయింది. దెబ్బా శబ్దమూ ఒకేసారి. మొత్తం ఆలస్యంలో ఆడియో ఇంటర్‌ఫేస్‌దీ యూఎస్‌బీదీ కూడా కొంత ఉంటుంది కాబట్టి ఇది వట్టి మూడు మిల్లీసెకన్లేమీ కాదు. అయినా చేతికి తేడా తెలియనంత తక్కువ. ఇక ఆపలేదు వాడు. పాత డోలక్ ట్రాక్ మూసేసి, చరణం మొత్తం మళ్లీ వాయించాడు. చప్పట్లకు కొంచెం వెనక్కి వాలి, నింపాదిగా. బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగులో ఉండే ఆ వాలు ఇంతకు ముందు టేకుల్లో లేదు.

కోరస్ దగ్గర చిట్.

గుర్తుంది కదా, ఆ మిగిలిపోయిన ఒక్క పగులు. బఫర్ చిన్నదయ్యేసరికి ఇప్పుడు మూడు చోట్ల వస్తోంది. రీపర్‌లో పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిచాం, ఏ ట్రాక్ ఎంత ప్రాసెసర్ తింటోందో విడివిడిగా చూపిస్తుంది. దొంగ దొరికాడు. లీడ్ గొంతు మీద శ్రుతి సరిచేసే ప్లగిన్, దాని మీద కంప్రెసర్, దాని మీద ఈక్యూ, మళ్లీ ఇంకో కంప్రెసర్, ఆఖరున పెద్ద రివర్బ్. ఒక ట్రాక్ మీది ప్లగిన్లు గొలుసు. ఒకటి ముగిస్తేనే రెండోదానికి సరుకు అందుతుంది. కాబట్టి ఆ గొలుసును రెండు కోర్లు పంచుకోలేవు, ఒక కోరే 2.9 మిల్లీసెకన్లలో చివరిదాకా లాగాలి. ఇక్కడ ర్యామ్ పెంచినా, ఎంత మంచి ఎస్ఎస్‌డీ పెట్టినా సాయం చేయలేవు. ఆ పగులు మొదటి రోజే చెప్పింది ఈ సంగతి.

"మరి కొత్తది కొనాల్సిందేనా?" గొంతు తగ్గింది వాడిది.

"ఫ్రీజ్ చెయ్యిరా."

ట్రాక్ మీద కుడి క్లిక్, ఫ్రీజ్. రీపర్ ఆ గొలుసు మొత్తాన్నీ ఒకసారి తీరిగ్గా, గడువు లేకుండా నడిపి, ఫలితాన్ని ఆడియోగా రాసుకుని, ప్లగిన్లను నిద్రపుచ్చింది. మార్చుకోవాలనిపిస్తే అన్‌ఫ్రీజ్ అంటే చాలు, అన్నీ ఎక్కడివక్కడ లేస్తాయి. స్ట్రింగ్స్‌ను కూడా అలాగే చేశాం. మీటర్ సగానికి పైగా పడిపోయింది. ఉష్ణోగ్రత చూశాను. ఈ ప్రాసెసర్‌కు 105 డిగ్రీలు హద్దు, దాని దగ్గరికి వెళితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పాట పూర్తిగా మోగుతుంటే 80ల్లో తిరుగుతోంది, ఫ్యాను సన్నగా ఊదుతోంది. థర్మల్ పేస్ట్ సంగతి వేసవి ముందు చూసుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే అసలు గొంతు వచ్చింది. మా వదిన స్నేహితురాలు, జనగామ దగ్గరి ఊరు. చిన్నప్పటి నుంచి బతుకమ్మ దగ్గర ముందు పాడి, మిగతావాళ్లతో అందించుకున్న గొంతు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడటం మాత్రం ఆమెకు నచ్చదు. "పోయినసారి నా గొంతు నాకే మల్ల మల్ల ఇనబడ్డది తమ్మీ, పాట మరిసిపోయిన" అంది.

తమ్ముడు నవ్వి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ ఇంటర్‌ఫేస్ ముందు వైపున్న డైరెక్ట్ మానిటర్ మీట నొక్కాడు. రీపర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేశాడు. బఫర్‌ను తిరిగి 512కి పెంచాడు. ఇప్పుడు ఆమె గొంతు మైకు నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చి, ల్యాప్‌టాప్ దాకా వెళ్లకుండా అక్కడి నుంచే హెడ్‌ఫోన్‌లోకి వెళుతుంది. రికార్డయ్యే కాపీ మాత్రం వెనకాల తన తీరికలో వెళుతుంది, ఆ ఆలస్యాన్ని రీపరే లెక్కగట్టి సరైన చోట కూర్చోబెడుతుంది. గొంతు రికార్డు చేయడానికి ఎంత పాత ల్యాప్‌టాప్ అయినా చాలు అని నేను ధైర్యంగా చెప్పేది ఈ ఒక్క మీట వల్లే. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు.

తలుపు వేశారు. బొంత కిందికి దించారు. ఆమె కళ్లు మూసుకుని మొదటి చరణం ఎత్తుకుంది. ఇంతకు ముందు ఇదే మైకులో గొంతు వెనక డిస్కు గీకుడు సన్నగా పడేది, ఇప్పుడు పదాల మధ్య ఖాళీలు శుభ్రంగా ఉన్నాయి. రెండో చరణం మధ్యలో రైలు కూత. ఆమె ఆగి, నవ్వి, మళ్లీ అక్కడి నుంచే అందుకుంది.

ఆమె వెళ్లాక పాత హార్డ్ డిస్కును యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, పాట ఫోల్డరును దాని మీదికి ఒక కాపీ పంపాం. అది కర్ కర్‌మంటూ రాసుకుంటుండగానే తమ్ముడు మళ్లీ రీపర్ ముందు కూర్చుని చప్పట్ల ట్రాక్‌లు లెక్కపెడుతున్నాడు.

"అన్నా, ఇంకో ఆరు చప్పట్లు ఎక్కియ్యాలె. గుంపు పెద్దగుండాలె. పక్కింటోళ్లందర్ని పిలుస్త."

"పిలువు. ముందు నిన్నటి డోలక్ ఫ్రీజ్ చెయ్యి."

"అది ఇంకోసారి వాయిస్తనన్నా, రెండో చరణం."

"అయితే వాయించు. బఫర్ దించినవా?"

దించాడు.